ఇంటికి ఇంటర్నెట్: తీసుకునే ముందు వేసుకోవలసిన లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పిల్లల చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడటం నాకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు, "మాస్టారూ, ఇంటికి ఏ ఇంటర్నెట్ పెట్టించుకోవాలని ఎవరిని చూసినా అడుగుతున్నారు. మీరు లెక్కల మనిషి. నాలుగు ముక్కలు అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. కానీ ఇది ఇంజనీరింగ్ విషయం కంటే ఇంటి లెక్క విషయమే ఎక్కువ. పైగా ఈ లెక్క వేసుకోక నేను పోగొట్టుకున్నది ఒకటున్నది. అందుకే ఒప్పుకున్నాను.

ముందు ఆ సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. 2021లో మా అమ్మీ మంచం పట్టింది. మా తమ్ముడు కువైట్‌లో వున్నాడు. వస్తే మళ్ళీ వెళ్ళే దారి లేని రోజులవి. రోజూ ఇషా నమాజు తర్వాత వీడియోలో మాట్లాడేవాడు. అప్పటికి మా ఇంట్లో కేబుల్ తీగ మీద వచ్చే కనెక్షన్ వుండేది. "నలభై స్పీడు సార్, తిరుగులేదు" అని చెప్పి, ఏడాది డబ్బు ముందే కట్టించుకుని పెట్టిపోయారు. అమ్మీకి తమ్ముడు చక్కగా కనిపించేవాడు. తమ్ముడికి మాత్రం అమ్మీ కనిపించేది కాదు. బొమ్మ నిలిచిపోయేది, మాట తెగిపోయేది. "బేటా, నేను నిన్ను చూస్తున్నా కదా, నువ్వెందుకు నన్ను చూడవు?" అనేది అమ్మీ. దానికి జవాబు నా దగ్గర లేదు. ఆ ఏడాది రంజాన్ వెళ్ళిన కొన్నాళ్ళకు అమ్మీ వెళ్ళిపోయింది.

జవాబు తర్వాత తెలిసింది. ఆ నలభై అనేది మన ఇంటికి వచ్చే వేగం. మన ఇంటినుంచి బయటికి పోయే వేగం రెండే. ఆ రెండులోనూ ఎక్కువ భాగం మా అబ్బాయి ఫోను, తీసిన ఫొటోలన్నిటినీ తనంతట తాను ఎక్కడో దాచిపెట్టడానికి పంపుకుంటూ వాడేసేది. మిగిలిన దాంట్లో అమ్మీ ముఖం పట్టలేదు. కనెక్షన్ తీసుకునేనాడు "పోయే వేగం ఎంత?" అని ఒక్క మాట అడిగి వుంటే సరిపోయేది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న అడగలేదు.

ఇక లెక్కలోకి వద్దాం.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా మొదలైంది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానంలో 256 కె.బి.పి.ఎస్. వుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2023లో ఆ హద్దును 2 ఎం.బి.పి.ఎస్.కి పెంచారు. అంటే చట్టం లెక్కలో రెండున్నా బ్రాడ్‌బ్యాండే, మూడు వందలున్నా బ్రాడ్‌బ్యాండే. కాబట్టి "మాది బ్రాడ్‌బ్యాండ్" అనే మాట వినగానే సంతోషించి సంతకం పెట్టవద్దు. ఎంత అని అడగండి.

ఈ ఎం.బి.పి.ఎస్. అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తాయన్నమాట. సినిమానో పాఠమో దించుకునేటప్పుడు మనం చూసే ఎం.బి. వేరు. అది మెగాబైటు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కనుక 40 ఎం.బి.పి.ఎస్. కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది 5 ఎం.బి. మాత్రమే. ఒక జి.బి. దిగడానికి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన పడుతుంది. "నలభై అన్నారు, అయిదే వస్తున్నది, మోసం" అని మా వీధిలో ఒకాయన తగాదా పెట్టుకున్నాడు. అక్కడ మోసం లేదు, ఎనిమిదితో భాగించాలి, అంతే.

ఇప్పుడు ఇంటికి ఎంత కావాలి? యూట్యూబ్‌లో పాఠం ఫోనులో మామూలు బొమ్మతో చూడటానికి ఒకటి, ఒకటింబావు చాలు. కొంచెం స్పష్టంగా కావాలంటే రెండున్నర. టి.వి.లో పూర్తి స్పష్టత కావాలంటే అయిదు. వీడియోలో మాట్లాడటానికి రావడానికి ఒకటిన్నర, పోవడానికి ఒకటిన్నర అనుకోండి. సాయంత్రం ఇంట్లో అందరూ వున్నప్పుడు కూడండి. టి.వి.కి 5, ఇద్దరు పిల్లల పాఠాలకు రెండున్నర చొప్పున 5, వంటింట్లో ఫోనుకు 1, కువైట్ మాటలకు ఒకటిన్నర. మొత్తం పన్నెండున్నర. కొంత ఎగుడుదిగుడుకు సగం కలిపినా ఇరవై దాటదు. అంటే అయిదారుగురున్న ఇంటికి 30 లేక 40 ఎం.బి.పి.ఎస్. దండిగా సరిపోతుంది. వంద, మూడు వందలు తీసుకుంటే సినిమా త్వరగా దిగుతుందేమో కానీ పాఠం త్వరగా బుర్రకెక్కదు. అవసరానికి మించి ఖర్చు చేయడాన్ని మన దీన్ ఇస్రాఫ్ అంటుంది. అది పెళ్ళి భోజనాలకే కాదు, ఈ బిల్లుకూ వర్తిస్తుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. అందరికీ ఈ కనెక్షన్ అవసరం లేదు. పిల్లలు గల్ఫ్‌లో వుండి ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే వున్నారనుకోండి. రోజుకు గంటసేపు వీడియోలో మాట్లాడితే, సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున ఒక్కో వైపుకు సుమారు 450 ఎం.బి. అవుతుంది. రెండు వైపులా కలిపి ఒక జి.బి. లోపే. రోజుకు ఒకటిన్నర, రెండు జి.బి. ఇచ్చే మొబైల్ రీచార్జితోనే ఆ ఇల్లు గడుస్తుంది. అలాంటి ఇంటికి వేరే కనెక్షన్ పెట్టించి నెలనెలా కట్టడం దేనికి? చదువుకునే పిల్లలున్న ఇంటికి, ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసే అబ్బాయి, అమ్మాయి వున్న ఇంటికి, కుట్టుపని నమూనాలు వీడియో తీసి బేరాలు చేసుకునే ఆడవాళ్ళున్న ఇంటికి తప్పక కావాలి. వీళ్ళలో చివరి ఇద్దరూ పోయే వేగం చూసుకోవాలి.

మన జిల్లాల్లో దొరికేవి ఏమిటి? బి.ఎస్.ఎన్.ఎల్. ఫైబర్ వుంది, ఇంటి ఫోను కూడా కావాలనే పెద్దలకు అది అలవాటైన దారి. జియో, ఎయిర్‌టెల్ వారి ఫైబర్ ఊళ్ళలో కొన్ని వీధులకు వచ్చింది, కొన్నిటికి రాలేదు. కేబుల్ టి.వి. ఆపరేటర్ల ద్వారా వచ్చే రాష్ట్ర ప్రభుత్వ ఎ.పి. ఫైబర్‌నెట్ వుంది. కరెంటు స్తంభాల మీదుగా తీగలాగి, టి.వి., ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని మొదలుపెట్టిన పథకమిది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించారు. ఆ 149 ధర తర్వాత పెరిగింది, కనుక పాత మాట పట్టుకుని పోకుండా ఈనాటి ధర అడగండి. తీగ రాని పల్లెలకు టవరునుంచి గాలి మీద వచ్చే 5జి కనెక్షన్ 2023 నుంచి వచ్చింది. పలమనేరు, పుంగనూరు వైపు గుట్టల చాటు ఊళ్ళలో అది పెట్టించుకునేముందు, అదే కంపెనీ సిమ్ వున్న ఫోను పట్టుకుని మిద్దె ఎక్కి సిగ్నల్ చూసుకోండి. మామూలుగా ఫైబర్‌లో వచ్చే వేగం, పోయే వేగం సమానంగా ఇస్తారు. గాలి మీద వచ్చే దాంట్లో పోయే వేగం తక్కువ. అయినా అడగకుండా నమ్మవద్దు.

ఏ కంపెనీ మంచిదని నన్ను అడగకండి. మీ వీధిలో ఏది బాగుందో మీ పక్కింటివారికి తెలుసు. వాళ్ళింటికి పోయి పగలు కాదు, రాత్రి ఎనిమిది నుంచి పది లోపల చూడండి. రంజాన్ నెలలో తరావీహ్ తర్వాత చూస్తే ఇంకా మంచిది. అందరూ ఒక్కసారి వాడే ఆ వేళ నిలబడిందే కనెక్షన్.

డబ్బు సంగతి. కాగితం మీద 399 అని వుంటుంది. దానికి 18 శాతం జి.ఎస్.టి. కలుస్తుంది. చేతినుంచి పోయేది 471. 599 అంటే 707. ఏడాదికి కట్టుకుంటే చవక అంటారు, నిజమే, కానీ మొదట ఒక్క నెలకే తీసుకోండి. నెల బాగా నడిస్తే ఆరు నెలలకు కట్టండి. అద్దె ఇళ్ళలో వుండేవారు మరీ జాగ్రత్త. తిరుపతిలో ఇల్లు మారితే కొత్త వీధికి ఆ తీగ వుండకపోవచ్చు. మారిస్తే ఎంత తీసుకుంటారు, పెట్టె మనదా వాళ్ళదా, డిపాజిట్ ఎంత, తిరిగి ఎప్పుడిస్తారు అని రాయించుకోండి. "అన్‌లిమిటెడ్" అన్నచోట కూడా చాలా పథకాల్లో నెలకు 3,300 జి.బి. అనే హద్దు చిన్న అక్షరాల్లో వుంటుంది. రోజుకు 110 జి.బి. అన్నమాట, అది మనం వాడలేం, దిగులుపడనక్కరలేదు. హద్దు వంద, రెండు వందల జి.బి. అయితే మాత్రం ఆలోచించండి. టి.వి.లో పూర్తి స్పష్టతతో గంట చూస్తే రెండుంబావు జి.బి. అయిపోతుంది. రోజుకు మూడు గంటలు చూసే ఇంట్లో నెలకు రెండు వందలు దాటుతుంది.

పెట్టించుకున్న తర్వాత. రౌటర్ పెట్టెను ముందు గదిలో కిటికీ పక్కనో, ఇనుప బీరువా వెనకనో పెట్టి, వెనక గదిలో రావడం లేదని కంపెనీని తిడుతుంటాం. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున పెట్టండి. అందులో రెండు పేర్లు కనిపిస్తాయి. 2.4 అనేది గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. 5 అనేది వేగం ఎక్కువ, గోడ దగ్గర తగ్గిపోతుంది. పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అనే చోట ఎర్ర దీపం వెలిగితే తీగలోనే లోపం, ఫోను ఆపి తీయడం వల్ల లాభం లేదు, ఫిర్యాదు చేయండి. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కనుక, పరీక్షలున్న ఇంట్లో దానికొక చిన్న బ్యాటరీ పెట్టె కొనుక్కోండి. పాస్‌వర్డ్ మార్చుకోండి, వీధిలో అందరికీ ఇవ్వకండి. ఎవరు ఏ తప్పు చేసినా పోలీసులు ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున వుందో వాళ్ళింటికే.

ఫిర్యాదు చేసినప్పుడు నంబరు తీసుకుని క్యాలెండర్ మీద రాసుకోండి. వాళ్ళు పట్టించుకోకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి వుంటారు, వారికి రాయండి. ట్రాయ్ వారు ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించరు. 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు కూడా చెప్పుకోవచ్చు.

చివరిగా సంఘానికి ఒక మనవి. 2020లో బడులు మూసినప్పుడు, ఒక్క ఫోనున్న ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పాఠం అన్నకు దక్కింది, చెల్లెలికి దక్కలేదు. ఆ తేడా ఇప్పటికీ కొందరు ఆడపిల్లల మార్కుల్లో నాకు కనిపిస్తున్నది. మన సంఘం కార్యాలయంలో సాయంత్రాలు ఖాళీగా వుండే గది వుంది. అక్కడ ఒక కనెక్షన్ పెట్టిస్తే పదిమంది పిల్లలు ఒకేసారి పాఠాలు చూసినా పదకొండు, పన్నెండు ఎం.బి.పి.ఎస్. మించదు. నెలకు 471 అనుకుంటే తలకు 47 రూపాయలు. సంఘం పేరున ఇచ్చే కనెక్షన్‌కు ధర వేరుగా వుంటే దాన్నీ కనుక్కుందాం. ఆడపిల్లలకు వేరు వేళలు పెట్టి, ఒక పెద్దావిడ కూర్చునే ఏర్పాటు చేద్దాం. మొదటి ఆరు నెలల ఖర్చు మా అమ్మీ పేరున నేను ఇచ్చుకుంటాను.

ఎంత వేగం రావాలి, ఎంత పోవాలి, పన్నుతో ఎంత, రాత్రి ఎలా నడుస్తుంది, వద్దనుకుంటే ఎలా వదిలించుకోవాలి. ఈ అయిదు ప్రశ్నలు ఇంటికి పోయి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అమ్మేవాడు వచ్చినప్పుడు ఆ కాగితం చూసి అడగండి. రెండోదాన్ని మాత్రం మర్చిపోకండి. మీ ఇంట్లో మంచం మీద వున్న పెద్దవాళ్ళను దూరాన వున్న బిడ్డలు చూడాలి గదా.