మీటరు చెప్పే మాట విందాం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, విద్యుత్ శాఖ మీటర్ల పరీక్ష విభాగంలో పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే సభలో కరెంటు మీటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. సర్వీసంతా మీటర్ల మధ్యనే గడిపినవాణ్ని గనుక సంతోషంగా ఒప్పుకున్నాను. పెన్షను పెంచుకోవడం మన చేతిలో లేదు. కరెంటు బిల్లు మాత్రం కొంతవరకు మన చేతిలోనే ఉంది.

బిల్లులో నెల మొత్తానికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. ఏ వస్తువు ఎంత కాల్చిందో ఉండదు. కిరాణా కొట్టతను పద్దు చూపకుండా మొత్తం ఒక్కటే చెబితే మనం ఊరుకుంటామా? ఇంట్లో కరెంటుకు ఆ పద్దు రాసిపెట్టే సాధనమే ఎనర్జీ మానిటరు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది ప్లగ్గు రకం. దాన్ని సాకెట్‌లో పెట్టి, ఫ్రిజ్జో టీవీయో దానికి తగిలిస్తే ఎన్ని వాట్లు, ఎన్ని యూనిట్లు అన్నది తెరమీద కనిపిస్తుంది. గీజరు, ఏ.సి. వంటివాటికి 16 ఆంపియర్లది తప్పనిసరి. రెండవది మెయిన్ బోర్డు దగ్గర తీగచుట్టూ బిగించేది. ఇది ఇంటి మొత్తం వాడకాన్ని ఎప్పటికప్పుడు చూపుతుంది. దీన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించుకోవాలి.

ఏదీ కొనకుండా కూడా పని జరుగుతుంది. మీ గోడమీది ఎలక్ట్రానిక్ మీటరులో ఒక ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. పక్కనే ఎన్ని మిణుకులకు ఒక యూనిట్టో రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యాను వేయండి. నిమిషానికి 4 సార్లు మిణికితే గంటకు 240. దాన్ని 3200తో భాగిస్తే 0.075 యూనిట్టు, అంటే 75 వాట్లు. పాత రకం ఫ్యాను సుమారుగా ఇంతే తీసుకుంటుంది. మీటరు ఎత్తులో ఉంటే మనం స్టూలెక్కవద్దు. మనవలకు చెబితే వాళ్లే సరదాగా లెక్కపెడతారు. అన్నీ ఆపినా దీపం మిణుకుతూనే ఉంటే ఏదో వస్తువు ఇంకా నడుస్తున్నట్టు, లేదా వైరింగులో లీకేజి ఉన్నట్టు. ఇన్వర్టరు చార్జింగు కూడా ఈ లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి. మీటరు సీలు జోలికి మాత్రం వెళ్లవద్దు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది నేరం.

ఇక అసలు సంగతి. మన సభ్యులలో ఒకరు బిల్లు పెరిగిందని వేసవిలో రాత్రిపూట ఫ్యాను ఆపేయడం మొదలుపెట్టారు. దంపతులిద్దరికీ డెబ్బై దాటింది. చెల్లెమ్మకు బి.పి. కూడా ఉంది. నా ప్లగ్గు మీటరు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఫ్రిజ్‌కు 24 గంటలు ఉంచాం. కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది గనుక పది నిమిషాల లెక్క సరిపోదు. రోజుకు 3 యూనిట్లు తేలింది. తలుపు రబ్బరు చిరిగి చల్లదనం బయటికి పోతోంది, వెనకభాగం గోడకు ఆనుకుని ఉంది. రబ్బరు మార్పించి, ముందుకు జరిపాక 2 యూనిట్లకు దిగింది. నెలకు 30 యూనిట్లు మిగిలాయి. టీవీ, సెట్‌టాప్ బాక్సు రిమోటుతో ఆపినా 14 వాట్లు తీసుకుంటున్నాయి. చూడని 18 గంటలూ స్విచ్చి దగ్గరే ఆపితే నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుతాయి. మరి ఆయన ఆపిన ఫ్యాను? రాత్రి 9 గంటల చొప్పున నెలకు 20 యూనిట్లు. అంటే ఒక్క ఫ్రిజ్ రబ్బరే ఫ్యాను ఖర్చును భరించి, పైన 10 యూనిట్లు మిగిల్చింది! ఆ రాత్రినుంచే ఫ్యాను తిరిగింది.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఇదే. కొలవకుండా పొదుపు చేస్తే మనకు అవసరమైనదాన్నే ముందు కోసుకుంటాం. వయసు మీరినకొద్దీ దాహం సరిగా తెలియదు, చెమటతో శరీరాన్ని చల్లబరచుకునే శక్తి తగ్గుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాలలో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. అలాగే రాత్రి బాత్‌రూముకు వెళ్లే దారిలో దీపం ఆర్పకండి. అర వాటు ఎల్.ఇ.డి. దీపం రాత్రికి 10 గంటలు వెలిగినా నెలకు 0.15 యూనిట్టే, అంటే ఒక యూనిట్టులో ఆరో వంతు కూడా కాదు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు మీకు తెలియనిది కాదు.

తగ్గించవలసినవి వేరే ఉన్నాయి. 2000 వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్టు తింటుంది. స్నానం కాగానే ఆపాలి. ట్యాంకు పొర్లేదాకా మోటారు వదలరాదు. ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి బి.ఎల్.డి.సి. రకానికి మార్చినా 75 వాట్ల చోట సుమారు 30 సరిపోతాయి. మన టారిఫ్ స్లాబుల పద్ధతిలో ఉంది గనుక తగ్గేవి పై స్లాబులోని ఖరీదైన యూనిట్లే.

మానిటరు కొన్నంత మాత్రాన బిల్లు తగ్గదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సారా డార్బీ గారు 2006లో అనేక అధ్యయనాలను సమీక్షించి, వాడకం కళ్లెదుట కనిపిస్తే 5 నుంచి 15 శాతం ఆదా అవుతుందని తేల్చారు. తరువాత బ్రిటన్‌లో 2007–2010 మధ్య వేల ఇళ్లలో జరిపిన ప్రయోగంలో స్మార్ట్ మీటర్లతో వచ్చినది సుమారు 3 శాతమే. చూసి, పనిలో పెట్టినవారికే ఫలితం.

కనుక నా మనవి. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు మీటరు రీడింగు క్యాలెండరు మీద రాయండి. నాలుగు వారాల్లో మీ ఇంటి పద్ధతి మీకే తెలుస్తుంది. ప్లగ్గు మీటరు తలా ఒకటి కొనక్కరలేదు. సంఘం ఒకటి కొని, ఇంటికి వారం చొప్పున తిప్పితే చాలు. ఈ సూచనను కార్యవర్గం పరిశీలించాలని కోరుతున్నాను. నా దగ్గరున్నది అంతవరకు మీ అందరిదీ.