ఉక్కుకన్న గట్టిదన్న మాటకు సాక్ష్యమేది?

(హోసూరులో జరిగిన తెలుగు కుటుంబాల కూడికలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలోనూ బడులను గూర్చి, నుడిని గూర్చి మాట్లాడే నేను ఈనాడు గ్రాఫీన్ అనే పదార్థాన్ని గూర్చి మాట్లాడబోతున్నాను. కారణం మనవి చేస్తాను. మన వైపు కుర్రవాడొకడు పగిలిన హెల్మెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బండి అద్దానికి తగిలించినది జారి బండపై పడగా పెంకు నెర్రె విచ్చింది. "గ్రాఫీన్ కలిపినది, ఉక్కుకన్న రెండువందల రెట్లు బలమైనది" అని దాని పెట్టె మీద అచ్చువేసి ఉన్నది. "అన్నా, ఉక్కుకన్నా గట్టిదైతే ఇదెట్ల పగిలింది?" అని అడిగాడు. నేను చదివినది న్యాయశాస్త్రం. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఈ శాస్త్రాన్ని కూడా కొంత చదవవలసి వచ్చింది.

పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పరమాణువు మందం గల ఒంటి పొరయే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌లు అంటుకునే టేపుతో దానిని వేరుచేశారు. 2010లో నోబెల్ బహుమతి పొందారు. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంవారు దాని బలాన్ని కొలిచారు. తెగేందుకు 130 గిగాపాస్కళ్ల ఒత్తిడి కావలసి వచ్చింది. సాధారణ ఉక్కుకు అర గిగాపాస్కల్ చాలు. కాబట్టి పెట్టె మీది మాట గ్రాఫీన్ రేకు విషయంలో నిజమే. కాని అది వేరొక కేసుకు చెందిన సాక్ష్యం. కుర్రవాడు కొన్నది రేకును కాదు, ఆ రేకుల పొడి రవంత కలిపిన ప్లాస్టిక్‌ను.

ఆ కలపడం వలన మేలు లేదా? తప్పక ఉన్నది. 2009లో అమెరికాలోని రెన్సలేర్ పాలిటెక్నిక్ సంస్థ పరిశోధకులు ఎపాక్సీలో బరువులో 0.1 శాతం మాత్రమే గ్రాఫీన్ పలుకులు కలిపారు. బిగువు 31 శాతం, లాగుడుకు ఓర్చే బలం 40 శాతం, పగులును నిలువరించే శక్తి 53 శాతం పెరిగాయి. చిటికెడు పొడికి ఇది గొప్ప ఫలితం. అయినా ఎపాక్సీ బిగువు సుమారు 3 గిగాపాస్కళ్లు. 31 శాతం పెరిగినా 4కు చేరదు. ఉక్కు బిగువు 200.

ఎందుకింత తేడా? మట్టిగోడకు గడ్డి కలిపి తొక్కడం మనకు తెలుసు. మట్టి గడ్డిని పట్టుకొంటేనే గోడ నిలుస్తుంది. ఇక్కడా అంతే. మీద పడిన బరువును ప్లాస్టిక్ తన పట్టుతో రేకుకు అందించాలి. పట్టు జారితే రేకు ఎంత గట్టిదైనా నిష్ఫలం. పట్టు కోసం రేకుకు ఆక్సిజన్ గుంపులను తగిలిస్తే రేకు సొంత బలం కొంత తగ్గుతుంది. ఇక రేకులు ఒకదానికొకటి అంటుకొనే గుణం కలవి. సరిగా కలియబెట్టని రాగి సంగటిలో వలె ఉండలు కడతాయి. ఆ ఉండ దగ్గరనే పగులు మొదలవుతుంది. అందుచేత ఎక్కువ కలిపితే ఎక్కువ బలమన్న లెక్క చెల్లదు.

మరొక సంగతి. బిగువు వేరు, దెబ్బకు ఓర్చడం వేరు. బిగువు పెరిగిన ప్లాస్టిక్ సాగే గుణం కోల్పోయి పెళుసు బారవచ్చు. పైగా హెల్మెట్‌లో దెబ్బను ప్రధానంగా మింగేది లోపలి నురుగు పొర. పెంకు ఆ దెబ్బను విస్తరింపజేస్తుంది. లాగి చూచిన పరీక్ష తలకు తగిలే దెబ్బకు సాక్ష్యం కాజాలదు.

అసలు కలిపినది గ్రాఫీనేనా? పది పొరలు దాటినదానిని గ్రాఫీన్ అనరాదని అంతర్జాతీయ ప్రమాణం. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో 60 కంపెనీల సరుకును పరీక్షించగా, అధిక భాగం వాటిలో గ్రాఫీన్ పాలు పది శాతంకన్న తక్కువే. మిగిలినది పలుచని గ్రాఫైట్.

నేను అమ్మకందారుకు వ్రాసిన నోటీసులో మూడే ప్రశ్నలు అడిగాను. ఎన్ని పొరల పదార్థం, ఎంత శాతం కలిపారు? కలిపిన ప్లాస్టిక్‌ను, కలపని ప్లాస్టిక్‌ను పక్కపక్కన పరీక్షించిన కాగితమేది? ఆ పరీక్ష లాగుడుకా, దెబ్బకా? జవాబు రాలేదు. హెల్మెట్ ధర మాత్రం తిరిగి వచ్చింది.

సోదరులారా, గ్రాఫీన్ బూటకం కాదు. దాని పేరును వాడుకొని నమ్మించడమే బూటకం. తప్పుదోవ పట్టించే ప్రకటనపై ఫిర్యాదు చేసే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చింది. హెల్మెట్ కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద మాటను కాక ఐఎస్ఐ గుర్తును చూడండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని మళ్లీ పిల్లల తలకు పెట్టకండి. కోర్టులో మేము అడిగే ప్రశ్ననే అంగడిలో మీరూ అడగండి: "సాక్ష్యమేది?"