పాత పికప్‌లో మిస్సింగ్ వస్తోందా? టైమింగ్ తిప్పే ముందు ఈ నాలుగు టెస్టులు చేయండి

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంజిన్ మిస్సింగ్ మీద, టైమింగ్ మీద.

డాలస్‌లో ఉండే మన సబ్‌స్క్రైబర్ ఒక తమ్ముడు వాయిస్ నోట్ పంపాడు. ఎంఎస్ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. చేతిలో ఉన్న ఒకే బండి 1990 ఫోర్డ్ ఎఫ్-150 పికప్. 4.9 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఒకే వరసలో ఆరు సిలిండర్లు. ఐడిల్‌లో బండి ఊగిపోతోంది. ఫ్లైఓవర్ ఎక్కితే లాగట్లేదు, పైగా లోపల గోలీలు కలిపినట్టు గలగలమని సౌండ్. ఒక గ్యారేజీలో చూపిస్తే "ఇంజిన్ పోయింది, మార్చాల్సిందే" అన్నారట. వాళ్లు చెప్పిన రేటు బండి కొన్న రేటు కంటే ఎక్కువ. "అన్నా, తుక్కు కింద అమ్మేయనా?" అని అడిగాడు.

నేను మెకానిక్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి ఇటు వచ్చినవాణ్ని. కానీ బగ్ ఎక్కడుందో తెలియకుండా కోడ్ మార్చకూడదనేది ఇంజిన్‌కీ వర్తిస్తుంది. అందుకే ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కో టెస్టూ చేశాం.

ముందు ఒక విషయం. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లకి, పికప్‌లకి ఓబీడీ-2 తప్పనిసరి. స్కానర్ పెడితే ఏ సిలిండర్ మిస్ అవుతోందో అదే చెప్తుంది. ఈ బండి అంతకంటే పాతది కాబట్టి మన చెవులు, చేతులే స్కానర్.

మొదటి టెస్ట్: వినడం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో క్రాంక్ రెండు సార్లు తిరిగితే ఒక సిలిండర్ ఒకసారి పేలుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 600 సార్లు తిరుగుతోంది అనుకోండి. ఒక్కో సిలిండర్ సెకనుకి 5 సార్లు పేలాలి. సైలెన్సర్ దగ్గర లెక్క తప్పకుండా ఒకే తాళంలో గ్యాప్ వినిపిస్తే, ఒక సిలిండర్ పనిచేయట్లేదని అర్థం. ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ, తాళం లేకుండా మిస్ అయితే సమస్య అందరికీ కామన్‌గా ఉన్నచోట వెతకాలి. కాయిల్, రోటర్, ఫ్యూయల్ ప్రెషర్, గాలి లీకయ్యే వాక్యూమ్ పైపు, ఇలాంటివి. తమ్ముడి బండిలో గ్యాప్ తాళం తప్పకుండా వస్తోంది. అంటే ఒకటే సిలిండర్.

రెండో టెస్ట్: ఏ సిలిండరో పట్టుకోవడం. ఇంజిన్ ఆపి, ఒక సిలిండర్ ప్లగ్ వైరు తీసి స్పార్క్ టెస్టర్‌కి తగిలించాలి. ఆ టెస్టర్ క్లిప్పుని ఇంజిన్ బాడీకి పెట్టి స్టార్ట్ చేయాలి. బాగున్న సిలిండర్‌ని ఆపితే ఇంజిన్ స్పీడ్ పడిపోతుంది. ముందే చచ్చిన సిలిండర్‌ని ఆపితే ఏ తేడా ఉండదు. ఒక్కోదానికీ కొన్ని సెకన్లు చాలు. ఎందుకంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని విపరీతంగా వేడెక్కిస్తుంది. మిస్సింగ్ ఉన్న బండిని నెలల తరబడి అలాగే నడపొద్దు అనేది కూడా ఇందుకే. ఇంకోటి, మూసేసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మనకి దొరికింది ఐదో సిలిండర్. ప్లగ్ విప్పితే పెట్రోల్‌తో తడిగా ఉంది. అంటే పెట్రోల్ వస్తోంది, మంట అంటుకోవట్లేదు. ప్లగ్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చాం. సమస్య ప్లగ్‌తో పాటు పక్కకి వెళ్లలేదు, ఐదులోనే ఉంది. అంటే ప్లగ్ తప్పు కాదు. చీకటి పడ్డాక హుడ్ ఎత్తి చూడమన్నాను. ఐదో వైరు చివరి రబ్బరు పగిలి, అక్కడి నుంచి నీలం రంగు స్పార్క్ ఇంజిన్ బాడీకి దూకుతోంది! కరెంటు ప్లగ్ దాకా వెళ్లట్లేదు.

ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ "ఇంజిన్ పోయింది" అన్న మాటకి జవాబు కావాలి కదా. అందుకే మూడో టెస్ట్: కంప్రెషన్. అమెరికాలో పెద్ద ఆటో పార్ట్స్ షాపులు చాలావాటిలో గేజ్‌ని డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీసేయాలి. ఇగ్నిషన్, ఫ్యూయల్ రెండూ కట్ చేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేయాలి. అన్నిటికంటే తక్కువ రీడింగ్, అన్నిటికంటే ఎక్కువదాంట్లో కనీసం 75 శాతం ఉండాలి. ఏదైనా తక్కువొస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు గానీ హెడ్ గాస్కెట్ గానీ. తమ్ముడికి ఆరు సిలిండర్లూ 140 నుంచి 155 పీఎస్ఐ మధ్య వచ్చాయి. ఇంజిన్ బంగారంలా ఉంది!

మరి ఆ గలగల ఏంటి? నాలుగో టెస్ట్: టైమింగ్. పిస్టన్ పూర్తిగా పైకి చేరేలోపే స్పార్క్ రావాలి, ఎందుకంటే పెట్రోల్ మండడానికి టైం పడుతుంది. ఈ ఇంజిన్‌కి బేస్ టైమింగ్, టాప్ డెడ్ సెంటర్‌కి 10 డిగ్రీల ముందు. మీ బండిది ఎంతో హుడ్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, దాన్నే నమ్మండి. 3000 ఆర్‌పీఎంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 55 మైక్రోసెకన్లు. అంత సన్నని లెక్క ఇది.

ఈ ఫోర్డ్‌లో డిస్ట్రిబ్యూటర్ దగ్గర వైరింగ్‌లో స్పౌట్ అని చిన్న కనెక్టర్ ఉంటుంది. అది పీకితేనే కంప్యూటర్ పక్కకి తప్పుకుంటుంది, అసలు బేస్ టైమింగ్ కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక దాన్ని పీకి, ఒకటో సిలిండర్ వైరుకి టైమింగ్ లైట్ పెట్టి కొడితే 16 డిగ్రీలు చూపించింది. బహుశా ఇంతకు ముందు ఎవరో మిస్సింగ్‌ని కప్పిపెట్టడానికి డిస్ట్రిబ్యూటర్ తిప్పేశారు. టైమింగ్ ముందుకి జరిపితే ఐడిల్ కాస్త పెరుగుతుంది, ఊపు తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ లోడ్ పడ్డప్పుడు నాకింగ్ మొదలవుతుంది. ఆ గలగల అదే. అలాగే నడిపితే పిస్టన్లు, హెడ్ గాస్కెట్ నిజంగానే పోతాయి.

నంబర్ చూడగానే నమ్మేయకండి. క్రాంక్ పుల్లీ మీద మార్క్ ఉండే రింగుని పట్టి ఉంచేది రబ్బరు. ముప్పై ఏళ్లకి ఆ రబ్బరు వదిలేసి రింగు జారిపోవచ్చు. అప్పుడు మార్కే అబద్ధం చెప్తుంది, మన లాగ్ ఫైల్ తప్పు చెప్పినట్టు. అందుకే బ్యాటరీ వైరు తీసేసి, ఒకటో ప్లగ్ రంధ్రంలో పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా పెట్టి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పించాను. స్ట్రా పూర్తిగా పైకొచ్చినప్పుడు మార్క్ సున్నా దగ్గరే ఉంది. ఇది సుమారు చెక్ మాత్రమే, కానీ రింగు బాగా జారి ఉంటే దొరికిపోతుంది.

చివరికి ఏం మార్చాం? ప్లగ్ వైర్ల సెట్, క్యాప్, రోటర్. ఒక్కో వైరు తీసి ఒక్కో వైరు పెట్టాం, లేకపోతే 1-5-3-6-2-4 ఫైరింగ్ ఆర్డర్ కలగాపులగం అవుతుంది. వైర్లు అయ్యాకే డిస్ట్రిబ్యూటర్ బోల్టు కాస్త వదులు చేసి 10 డిగ్రీలకి తెచ్చి, బిగించి, స్పౌట్ మళ్లీ పెట్టాం. అది పెట్టడం మర్చిపోతే కంప్యూటర్ టైమింగ్ పెంచలేదు, బండి బద్ధకంగా ఉంటుంది.

మన ఊళ్లలో పికప్‌లు ఎక్కువగా డీజిల్. వాటికి స్పార్క్ ప్లగ్గే ఉండదు, అక్కడ ఇంజెక్టర్లు, ఫ్యూయల్ లైన్‌లో గాలి చూడాలి. కానీ పాత పెట్రోల్ మారుతి 800, జిప్సీ ఉన్నవాళ్లకి ఈ వరసే పనికొస్తుంది: ముందు వినండి, తర్వాత ఏ సిలిండరో పట్టండి, కంప్రెషన్ చూడండి, టైమింగ్ ఆఖర్న ముట్టుకోండి. వరస తిరగేస్తే మిస్సింగ్ దాక్కుంటుంది, పోదు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, అమ్మేసే ముందు ఒక ఆదివారం దానికి ఇవ్వండి.