అడగని ప్రశ్న

(హౌగాంగ్‌లోని తెలుగు తరగతి పిల్లల ఎదుట ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



ఫిబ్రవరి 15వ తేదీ సాయంత్రం 6 గంటల 20 నిమిషాలకు సింగపూరు అంతటా సైరన్ మోగుతుంది. మీరూ వినే ఉంటారు. ఒక ఏడాది ఆ సమయానికి నేను మా ఇంటి వరండాలో నిలబడి ఉన్నాను. కింద ఆడుకుంటున్న పిల్లలు ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, మళ్ళీ బంతి వెంట పరుగెత్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను. మీ వయసులో నేనూ అంతే. పెద్దవాళ్ళు పాత సంగతులు చెబుతుంటే ఒక చెవితో విని, రెండో చెవితో వదిలేసేవాణ్ణి. అలా వదిలేసి నేను పోగొట్టుకున్నది ఏమిటో ఈ రోజు మీకు చెప్పాలని ఉంది.

ముందు ఆ సైరన్ సంగతి చూద్దాం. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరును ఏలుతున్న బ్రిటిషువారు జపాను సైన్యానికి లొంగిపోయారు. బుకిత్ తీమాలోని ఫోర్డు మోటారు కర్మాగారంలో సంతకాలు జరిగాయి. ఆ రోజు చైనావారి నూతన సంవత్సరాది. పండుగనాడు జనం తలుపులు మూసుకుని ఇళ్ళలో కూర్చున్నారు. జపానువారు ఈ దీవికి ‘స్యోనాన్-తో’ అని పేరు మార్చారు. 1945 సెప్టెంబరు దాకా, అంటే మూడున్నర సంవత్సరాలకు పైగా, ఆ పేరే నడిచింది. ఆ లొంగుబాటు ఘడియను మరచిపోకూడదని సైరన్ మోగిస్తారు.

ఇక మా అమ్మమ్మ సంగతి. ఆమెది విశాఖపట్నం. వేసవి రాత్రుళ్ళు డాబామీద పక్కలు పరచుకుని పడుకున్నప్పుడు ఆమె మాకు ఒక కథ చెప్పేది.

“నాకు తొమ్మిదేళ్ళప్పుడు రేవు దగ్గర బాంబులు పడ్డాయిరా. మా నాన్న ఎడ్లబండి కట్టించాడు. అమ్మ బియ్యం మూటా, ఆవకాయ జాడీ బండిలో పెట్టింది. మా దూడను మాత్రం వదిలేసి వచ్చాం” అనేది.

దూడ మాట వచ్చేసరికి అమ్మమ్మ కాసేపు ఆగిపోయేది. “ఆ తరవాత ఏమైంది అమ్మమ్మా?” అని మేము ఒక్కసారైనా అడిగి ఉండవలసింది. అడగలేదు. “ఈ కథ చెప్పావుగా, దెయ్యం కథ చెప్పు” అనేవాళ్ళం. ఆమె నవ్వి, దెయ్యం కథ మొదలుపెట్టేది.

అమ్మమ్మ 2009లో కాలం చేసింది. కొన్నేళ్ళకు నేను సింగపూరు వచ్చాను. ఒక రోజు ఇక్కడి గ్రంథాలయంలో యుద్ధకాలపు పుస్తకం తిరగేస్తుంటే ఒక తేదీ నా కంటపడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయట. నా చెయ్యి ఆ పేజీ మీదే ఆగిపోయింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. సింగపూరు లొంగిపోయిన రోజు నుంచి విశాఖ మీద బాంబులు పడిన రోజుకు సరిగ్గా యాభై రోజులు!

ఆ యాభై రోజుల్లో ఏం జరిగిందో చూడండి. సింగపూరు బ్రిటిషువారికి గొప్ప నౌకా స్థావరం. అది పోవటంతో జపాను ఓడలకు హిందూమహాసముద్రం దారి తెరుచుకుంది. మార్చి 8న రంగూను కూడా వారి వశమయింది. రంగూను రేవులో కూలిపని చేసుకునే తెలుగువాళ్ళు అప్పట్లో చాలామంది ఉండేవారు. బర్మాలోని భారతీయులు లక్షల సంఖ్యలో ఇల్లూ వాకిలీ వదిలి స్వదేశానికి బయలుదేరారు. ఓడ దొరకనివారు కొండలూ అడవులూ దాటి కాలినడకన అస్సాం చేరారు. దారిలోనే వేలమంది చనిపోయారు. ఏప్రిల్ వచ్చేసరికి జపాను ఓడలు బంగాళాఖాతంలో ఉన్నాయి. ‘ర్యుజో’ అనే ఓడ మీది నుంచి లేచిన విమానాలు విశాఖ చేరాయి.

అంటే మీరు వినే సైరనూ, మా అమ్మమ్మ ఎక్కిన ఎడ్లబండీ ఒకే కథలోవి అన్నమాట! ఆ కథ తెలిసిన మనిషి నా పక్కనే ఏళ్ళతరబడి పడుకుంది. నేను అడగలేదు. బండి ఏ ఊరు వెళ్ళింది? అక్కడ ఎవరు అన్నం పెట్టారు? ఎన్నాళ్ళున్నారు? తిరిగి వచ్చేసరికి దూడ ఉందా? బాంబులు పడిన తేదీ పుస్తకంలో దొరికింది. దూడ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు.

పిల్లలూ, ఇప్పుడు మన హౌగాంగ్‌కే వద్దాం. చువాన్ హో వీధిలో జపానువారి శ్మశానవాటిక ఉన్నదని మీలో ఎందరికి తెలుసు? ఒక శనివారం కొందరు పెద్ద తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. లోపల పచ్చగడ్డి, కాగితపు పూల తీగలు, ఎంతో నిశ్శబ్దం. 1891లో ఏర్పడిన ఆ స్థలంలో 910 సమాధులున్నాయి. 1987లో దానిని స్మారక ఉద్యానవనంగా ప్రకటించారు.

అక్కడ ఒక అమ్మాయి నన్ను ఇలా అడిగింది: “మాస్టారూ, ఇక్కడివాళ్ళను అంత బాధపెట్టారు కదా! వాళ్ళ సమాధులకు ఇంత మంచి తోట ఎందుకండీ?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. “తిరిగి చూద్దాం పద” అన్నాను.

తిరిగి చూస్తే తెలిసినది ఇది. ఆ సమాధుల్లో చాలా వాటికి యుద్ధంతో సంబంధమే లేదు. యుద్ధానికి ఎన్నో ఏళ్ళ ముందు పొట్టకూటి కోసం సముద్రం దాటి వచ్చి, కష్టాలు పడి, చిన్న వయసులోనే చనిపోయిన పేద స్త్రీలవి ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని మోకాలెత్తు కూడా లేని చిన్న రాళ్ళు. ఫుతబతెయి షిమెయి అనే జపాను రచయిత స్మారకం కూడా ఉంది. ఆయన 1909లో రష్యా నుంచి స్వదేశానికి తిరిగి వెళుతూ, బంగాళాఖాతంలో, ఓడలోనే కన్నుమూశాడు. యుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తులూ, యుద్ధ నేరాలకు మరణశిక్ష పడినవారి గుర్తులూ అదే తోటలో ఉన్నాయి.

బయటికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయితో ఇలా అన్నాను: “అమ్మా, రాయిని కాపాడటమంటే చేసిన పనిని మెచ్చుకోవటం కాదు. రాయి తీసేస్తే చేసిన తప్పు కూడా మరుగున పడుతుంది. పక్కనే ఏ తప్పూ చెయ్యని పేదరాలి గుర్తు కూడా పోతుంది.” ఆ అమ్మాయి ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. ఆలోచిస్తూ నడిచింది. నాకు అదే చాలు.

ఆ తోట నుంచి కొన్ని కిలోమీటర్ల దూరంలో పుంగోల్ తీరం ఉంది. 1942 ఫిబ్రవరిలో ఆ ఇసుక మీద మూడు నాలుగు వందలమంది చైనా పౌరులను జపానువారు కాల్చి చంపారు. అక్కడా ఒక స్మారక ఫలకం ఉంది. తోట చూసినవారు ఆ తీరం కూడా చూడాలి. తీరం చూసినవారు తోట కూడా చూడాలి. ఒకటే చూస్తే సగమే తెలుస్తుంది.

మన భారతీయుల సంగతి కూడా అంతే. అదే సింగపూరులో, 1943 అక్టోబరు 21న, కేథే భవనంలో సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ‘జై హింద్’ అనే నినాదాన్ని ఇచ్చినవాడని పేరున్న ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడే. జలాంతర్గామిలో బోసుతో కలిసి జర్మనీ నుంచి వచ్చాడు. వారికి జపాను మిత్రదేశం. మలయా రబ్బరు తోటల నుంచి సయాం-బర్మా రైలుదారి పనికి తరలించబడి, అడవిలో జబ్బులతో, ఆకలితో చనిపోయిన వేలాది భారతీయ కూలీలకు అదే జపాను యముడు. ఒకే కాలాన్ని గురించి ఇద్దరు తాతలు రెండు రకాలుగా చెబితే, “ఒకరు అబద్ధం చెబుతున్నారు” అని తొందరపడకండి. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో అడగండి.

ఈ రోజుల్లో వార్తలు క్షణంలో మీ ఫోనుకు వస్తున్నాయి. ఎక్కడో యుద్ధం, ఎక్కడో వరద. బొమ్మ చూస్తాం, అయ్యో అనుకుంటాం, వేలితో పక్కకు నెట్టేస్తాం. ఆ బొమ్మలో కూడా ఒక ఎడ్లబండి లాంటిదేదో ఉంటుంది. ఒక దూడను వదిలి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల ఉంటుంది. వార్త వచ్చినప్పుడు ఆ పిల్లను తలచుకోండి. విన్నదల్లా నిజమని నలుగురికీ పంపకండి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని ముందు అడగండి.

చరిత్ర మీ జీవితంలోకి కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ 7న కరోనా వ్యాధి వల్ల సింగపూరు మూతపడింది. మరునాటి నుంచి బడి ఇంట్లోనే. ఆటస్థలాల చుట్టూ పట్టీలు కట్టారు. ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. మీ అమ్మానాన్నల్లో ఎందరో ఊళ్ళో ఉన్న తమ తల్లిదండ్రులను ఫోనులోనే చూసుకున్నారు. కొందరికి ఆఖరి చూపు కూడా దక్కలేదు. మీరప్పుడు చాలా చిన్నవాళ్ళు. ఇంకో యాభై ఏళ్ళకు మీ మనుమలు “అప్పుడేం జరిగింది?” అంటే ఏం చెబుతారు?

అందుకని మీకు ఒక చిన్న పని ఇస్తున్నాను. ఈ వారం ఇంట్లో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. అమ్మమ్మ, తాతయ్య ఊళ్ళో ఉంటే ఫోను చెయ్యండి. దగ్గరివారెవరూ లేకపోతే మీ పక్కింటి చైనా తాతనో, మలయ్ అవ్వనో అడగండి. ఒకప్పుడు హౌగాంగ్ అంతా పందుల పెంపకం, కూరగాయల మడులు. సెరంగూన్ నది ఒడ్డున కాంగ్కార్ అనే జాలరుల పల్లె ఉండేది. 1970వ దశకం చివరి నుంచి ఈ మేడలు లేచాయి. పాత ఊరిని చూసిన కళ్ళు ఇంకా మన మధ్య ఉన్నాయి. వారు చెప్పినది తెలుగులో ఒక పేజీ రాయండి. తేదీ వెయ్యండి, ఊరి పేరు రాయండి. ఏం తిన్నారో, దేనికి భయపడ్డారో, ఏం వదిలి వచ్చారో రాయండి. భాష తప్పులుంటే నేను దిద్దుతాను. చెప్పేవారు కాసేపు ఆగిపోతే మాత్రం, మీరు వేరే కథ అడగకండి.

“ఆ తరవాత ఏమైంది?” అని అడగండి.

సెలవు.