స్వయంపాకపు విడిది



పూర్వము మన పెద్దలు యాత్రలకు పోవునపుడు సత్రములలో దిగెడివారు. సత్రపు గుమాస్తా గది చూపి, పొయ్యిని, కట్టెలను, వంటపాత్రలను అప్పగించెడివాడు. యాత్రికులు తమ మూటలలోని బియ్యము, పప్పు తీసికొని, తమ రుచి చొప్పున తామే వండుకొనెడివారు. అట్టి స్వయంపాకపు విడిది యొకటి సీమలో, వేల్సు దేశపు సముద్రతీరమున, నాకు లభించినది. అచట గడపిన వారము దినములలో నేను నేర్చిన సంగతి యొకటి మీకు విన్నవింపవలెనని యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

వేల్సు దేశము ఇంగ్లండునకు పడమర నున్నది. లోపల కొండలు, మూడు వైపుల సముద్రము. ఆ తీరము వెంబడి 870 మైళ్ల కాలిబాట 2012వ సంవత్సరమున తెరవబడినది. అచటి జనులకు ఇంగ్లీషునకంటె ప్రాచీనమైన సొంత భాష గలదు. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ భాష వచ్చినవారు నూటికి 17.8 మంది మాత్రమే. కాని వాయవ్యమున నున్న గ్వినెద్ మండలమున నూటికి 64 మంది యుండిరి. మేము పోయినది ఆ మండలములోని లీన్ ద్వీపకల్పమునకు.

నా కుమారుడు బర్మింగుహాము నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో నేనును నా భార్యయు అతని యింట నుంటిమి. పిల్లలకు సముద్రము చూపవలెనని వారి కోరిక. హోటలులో దిగుదమన్న, మేము శాకాహారులము. చంటిదానికి వేళాపాళ లేని ఆకలి. ఆరేండ్ల మనుమనికి గెంతుటకు చోటు కావలెను. అందుచే వారము దినములకు ఒక యిల్లే అద్దెకు తీసికొంటిమి.

ఇంటికడ యజమానుడు లేడు. తలుపు ప్రక్కన చిన్న ఇనుప పెట్టె యుండెను. ముందుగా మాకు తెలిపిన అంకెలను త్రిప్పగా అది తెరచుకొనెను, తాళపుచెవి అందున్నది. లోపల మెట్ల మొదట పిల్లలు ఎక్కకుండ చిన్న కటకటము, చంటిదానికి తొట్టి మంచము, వంటగదిలో సకల పాత్రలు గలవు. బల్లపై నొక పుస్తకముండెను. చెత్తలో ఏది ఏ డబ్బాలో వేయవలెనో, వైద్యుడు ఎచట నుండునో, సముద్రపు పోటుపాటుల వేళలు ఎచట చూడవలెనో అందు వ్రాసియున్నది. కావలివారున్న తీరములలో ఎరుపు పసుపు జెండాల నడుమనే స్నానము చేయవలెననియు హెచ్చరిక గలదు.

నా భార్య చింతపండు, కందిపప్పు, ఆవాలు బయటికి తీసి, మొదటి సాయంకాలమే చారు పెట్టినది. పోపు చిటపటలాడినదో లేదో, పైకప్పున నున్న పొగగంట గుండెలదరునట్లు మ్రోగినది. పిల్లలు చెవులు మూసికొనిరి. మేము గంట నాపుటెట్లో తెలియక గాభరాపడుచుండగా ప్రక్కయింటి వృద్ధుడు వచ్చి, కిటికీ తెరచి, తువాలుతో విసరి దానిని శాంతింపజేసెను. పిమ్మట చారు వాసన చూచి, ఇది ఏమని యడిగెను. ఒక గిన్నెడు ఇచ్చితిమి. నాటినుండి మాకు స్నేహము కుదిరెను.

మరునాడు ఆయన మనుమరాలు గోడ మీదినుండి తొంగిచూచి, "టైడ్, టైడ్" అని పిలిచినది. వారి ప్రాంతపు భాషలో ఆ మాటకు తాత అని యర్థమట. ఆ బాలిక ఇంగ్లీషు చక్కగా మాటలాడును. అయినను తాతతో ఒక్క ఇంగ్లీషు మాటయు ఆడదు. నా మనుమడో, తాతా అని పిలుచుట తప్ప తక్కినదెల్ల ఇంగ్లీషుననే పలుకును. ఇది చూచి నేను కొంత సిగ్గుపడితిని.

ఒక సాయంకాలము ఆ వృద్ధుడు మా విడిదిని చూపి యిట్లనెను: "ఈ యిల్లు నాతో బడికి పోయిన మిత్రునిది. పిల్లలు నగరములకు పోయిరి. అతడు గతించిన పిదప ఇల్లు అమ్ముడుపోయెను. మీవంటివారు వచ్చుట మాకు సంతోషమే. అంగడివారు మీవలన బ్రతుకుచున్నారు. కాని డిసెంబరులో నాలుగు గంటలకే చీకటిపడును. అప్పుడు నా కిటికీనుండి చూచిన, ఈ వీథిలో దీపము వెలుగు ఇండ్లు మూడే."

ఆయన బాధకు కారణము లేకపోలేదు. ధనవంతులైన పైయూరివారు సెలవు దినములకై ఇండ్లు కొనగా ధర పెరుగును. ఊరి యువకునకు ఇల్లు అందదు. అతడు వలస పోవును. అతనితో పిల్లలు పోవుదురు, బడి చిక్కును, బడితో భాషయు చిక్కును. ఈ కోపముచే 1979వ సంవత్సరము మొదలు 1990 తరువాత కొంతకాలము వరకు కొందరు రహస్యముగా అట్టి ఇండ్లకు నిప్పంటించిరి. ఆ మాట యెత్తగా వృద్ధుడు తల యడ్డముగా ఊపి, "నిప్పు ఇంటిని కాల్చునే గాని, ఇంటికి మనుష్యులను తేదు" అనెను.

తరువాత వారు చట్టమార్గము త్రొక్కిరి. ఏటిలో కొన్నాళ్లు మాత్రమే వాడుకొను రెండవ ఇంటిపై, మామూలు పన్నుగాక అంతకు మూడింతల వరకు అదనపు పన్ను వేయుటకు 2023 ఏప్రిలునుండి స్థానిక సభలకు అధికార మీయబడెను. గ్వినెద్ సభ ఆ యేడు ఒకటిన్నర రెట్లు అదనముగా విధించెను. అద్దెకిచ్చు విడుదులు వ్యాపారముగా లెక్కకు రావలెనన్న, ఏటికి 182 దినములైనను నిజముగా అద్దెకు పోవలెనను నిబంధనయు అప్పుడే వచ్చెను. అతిథిని తరుమక, ఇల్లు ఊరక మూతపడకుండ జూచుటయే దీని తాత్పర్యము. విడిది నడుపు కొందరికి ఇది భారమైనదని సణుగుడు లేకపోలేదు.

వృద్ధుని సలహాపై మేము నాంట్ గుర్థెయిర్న్ అను చోటికి పోతిమి. నిలువైన కొండదారి దిగిన సముద్రపు టొడ్డున రెండు వరుసల రాతి ఇండ్లు. ఒకప్పుడది రాతిగని కూలీల గ్రామము. లివర్పూలు, మాంచెస్టరు వీథులకు అచటి రాయి పోయెడిది. గని మూతపడెను. 1959 నాటికి కడపటివారును వెడలిపోయిరి. కప్పులు కూలి, గోడలు మాత్రము మిగిలెను. ఆ ప్రాంతమున వైద్యుడుగా నుండిన కార్ల్ క్లోస్ గారు మొదలగువారు ధర్మసంస్థ నేర్పరచి, 1978లో ఆ గ్రామమును కొనిరి. ఇండ్లకు మరల కప్పు వేసి, 1982నుండి అచట తమ భాషను పెద్దలకు నేర్పుచు వచ్చిరి. ఇప్పుడు ఆ ఇండ్లలో భాష నేర్చుకొనుటకు వచ్చిన విద్యార్థులును దిగుదురు. పాడుబడిన ఊరు పాఠశాలయైనది!

తిరిగివచ్చుచుండగా మనుమడు నన్నడిగెను: "తాతా, మన ఊరి ఇంటిలో ఇప్పుడు ఎవరున్నారు?"

నాకు మాట రాలేదు. కోనసీమలో మా తండ్రిగారు కట్టించిన మండువా లోగిలికి తాళము వేసి, నేను పట్టణము చేరి అప్పటికి నాలుగేండ్లు. ఆ యింటిని ఏ పరదేశీయుడును కొనలేదు. దీపము నార్పినవాడను నేనే.

వారము ముగిసెను. పాత్రలు తోమి, తాళపుచెవిని పెట్టెలో నుంచితిమి. అతిథుల పుస్తకమున నేను తెలుగున రెండు పంక్తులు వ్రాసితిని. వృద్ధుడు తాత యను మాటను తెలుగున వ్రాయించుకొని, ఆ కాగితమును జేబున పెట్టుకొనెను.

స్వదేశమునకు వచ్చిన నెలలోగా నేను మా యూరు పోతిని. బడి పంతులుగారొకరు ఇల్లు దొరకక, పొరుగూరినుండి దినమును బస్సులో వచ్చిపోవుచున్నారని తెలిసెను. మాకొక గది యుంచుకొని, తక్కిన యిల్లు వారికి స్వల్పమైన అద్దెకిచ్చితిని. వారి పిల్లలిద్దరు ఇపుడు మా మండువాలో ఆడుకొనుచున్నారు. 2025 సంక్రాంతికి మేమును అచటికే పోయి, ఆ గదిలో దిగి, స్వయంపాకము చేసికొంటిమి.

మీలో ననేకులకు అట్టి తాళపు ఇల్లు ఒకటి ఊరిలో నుండవచ్చును. పిల్లలు రాకపోవుట మన చేతిలోని పని కాదు. సందెవేళ ఆ యింట దీపము వెలుగుట మాత్రము మన చేతిలోనిదే.