మల్లవరం నీళ్లకు గాలంతో వెళ్లాలంటే



మార్టూరు పేరు చెబితే హైవే మీద తిరిగేవాళ్లకు ముందు గ్రానైటే గుర్తొస్తుంది. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పాలిషింగు ఫ్యాక్టరీలు, నిలబెట్టిన పలకలు, బల్లికురవ కొండల నుంచి దిమ్మెలు మోసుకొచ్చే లారీలు. వాటి వెనక్కి నాలుగడుగులు వేస్తే నల్లరేగడి. మిరప, పత్తి, శనగ, పొగాకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలం ప్రకాశం నుంచి బాపట్లలోకి మారిందిగానీ, నేలా పైరూ ఏమీ మారలేదు. ఇలాంటి ఊళ్లో కూర్చుని చేపల వేటకు పోదామంటే, కొల్లేరు పక్కవాళ్లు అనాల్సిన మాట మనకెందుకని నవ్వేవాళ్లుంటారు. వాళ్ల కోసమే ఈ ప్రసంగం. మార్టూరులో పొద్దున్నే బయల్దేరితే, దారిలో టీకి ఆగినా గంటన్నర లోపు చేరగలిగిన పెద్ద నీళ్లు ఒకటుంది. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ మీద కట్టిన కందుల ఓబుల్‌రెడ్డి రిజర్వాయరు.

ఈ నది గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. గుండ్లకమ్మ నల్లమలలో పుడుతుంది. కొండలు దిగీ దిగగానే కంభం చెరువు దగ్గర ఆగుతుంది. విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. అక్కణ్ణుంచి మెట్ట ప్రాంతమంతా తిరిగి, రెడ్డిరాజుల తొలి రాజధాని అద్దంకిని ఒరుసుకుని, మల్లవరం దగ్గర రెండోసారి ఆగుతుంది. మొదటి ఆనకట్టకూ ఈ ఆనకట్టకూ మధ్య అయిదు వందల ఏళ్ల ఎడం. ఇక్కడి రిజర్వాయరు 2008లో ప్రారంభమైంది. నిండితే 3.8 టీఎంసీలకు కాస్త పైన నిలుస్తుంది. 80 వేల ఎకరాల ఆయకట్టుకూ, ఒంగోలు తాగునీటికీ అని కట్టారు. గేట్లు 15.

గేట్ల సంగతి ఊరికే ఎత్తలేదు. 2022 ఆగస్టు ఆఖరున మూడో నంబరు గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వెళ్లిన కొద్ది రోజులకే, రెండో నంబరు గేటు పోయింది. నిలవ ఉంచుకున్న నీళ్లు కళ్లముందే సముద్రం దారి పట్టాయి. నీళ్లతోపాటు చేపలూ పోతాయి కదా. అందుకని కొత్త నీళ్లకు వేటకెళ్లాలనుకునేవాడు గాలం కొనకముందు, ఎర తవ్వకముందు అడగాల్సిన మాట ఒకటే: ఇప్పుడు నీళ్లెంత ఉన్నాయి, ఎక్కుతున్నాయా దిగుతున్నాయా? తక్కిన ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

ఈ ప్రశ్నకు ఇంత విలువెందుకో చెప్పడానికి కాస్త దూరం పోవాలి. మన పల్లెల నుంచి అమెరికా వెళ్లిన పిల్లల్లో కొందరికి అక్కడ గాలం సరదా పట్టుకుంటోంది. అక్కడ క్రాపీ అని ఒక చేప ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దది, పలచన, వెండిరంగు మీద నల్లచుక్కలు. చలికాలమంతా లోతులో ఉండి, వసంతం రాగానే, నీళ్లు ఫారెన్‌హీటులో 60, 65 డిగ్రీలకు వేడెక్కేసరికి ఒడ్డుకొస్తుంది. మోకాలి లోతు, నడుం లోతు నీళ్లలో గుడ్లు పెడుతుంది. మగచేప కాపలా కాస్తుంది. అందుకే అక్కడ వేటగాడు థర్మామీటరు చూసుకుని బయల్దేరతాడు. టెక్సాస్‌లాంటి చోట మామూలు లెక్క రోజుకు మనిషికి 25 చేపలు, 10 అంగుళాల కన్నా చిన్నదైతే నీళ్లలోకే తిరిగి వదిలెయ్యాలి. లైసెన్సు చేతిలో లేకపోతే గాలం ముట్టుకోకూడదు.

మన దగ్గర వసంతం లెక్క వేరు. బొచ్చె, శీలావతి, మోసులాంటివి గుడ్లు పెట్టేది వానాకాలంలో, కొత్తనీరు పడి ఏరు పొంగినప్పుడు. ఎదురెక్కే చేపల్ని చూడాలంటే ఆషాఢ శ్రావణాల దాకా ఆగాలి. మాఘ ఫాల్గుణాల్లో జరిగేది ఇంకొకటి. ఆరుతడి పైర్లకు కాలువలు వదులుతారు, ఎండ ముదురుతుంది, రిజర్వాయరు రోజూ కొంచెం కొంచెం వెనక్కి తగ్గుతుంది. నిన్న చేప తిరిగిన చోట ఇవాళ గేదెలు మేస్తుంటాయి. చేపలు మిగిలిన నీళ్లలోకి, పాత ఏటి గాడిలోకి సర్దుకుంటాయి. అమెరికాలో వసంతం చేపను ఒడ్డుకు పిలుస్తుంది, ఇక్కడ ఒడ్డే చేప దగ్గరికి నడిచిపోతుంది. ఇది పట్టుకోనివాడు ఎంత ఖరీదైన గాలం తెచ్చినా, సంక్రాంతికి చేపలు పడిన రాయి మీదే శివరాత్రికీ కూర్చుని ఖాళీ సంచితో ఇంటికి పోతాడు.

ఒక్క చేప మాత్రం క్రాపీ పోకడలకు దగ్గరగా ఉంటుంది. మనవాళ్లు చైనా గొరక అంటారు, కొందరు జిలేబి అంటారు. 1952లో మన దేశానికి వచ్చిన పరాయి చేప. నీళ్లు వేడెక్కితే మగది తక్కువ లోతులో బురద తవ్వి పళ్లెమంత గుంట చేస్తుంది, ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని మోస్తుంది. మార్చిలో నీళ్లు తగ్గాక ఒడ్డమ్మట నడిస్తే, ఎండిన బురదలో ఆ గుంటలు వరసగా కనిపిస్తాయి. అవి ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో అక్కడ నిలబడి, నీళ్లలోకి ఇంకో పదడుగులు అవతల బెండు వేస్తే, మొదటిసారి గాలం పట్టిన పిల్లవాడికి కూడా ఏదో ఒకటి తగులుతుంది. రుచిలో దీన్ని తక్కువ చేసి మాట్లాడతారుగానీ, తాజాగా వేపుడు చేస్తే నేనైతే వంక పెట్టను.

తేదీ దగ్గరికి వద్దాం. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య అనుకోండి. నన్నడిగితే శివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ల అయిన తర్వాతి రెండు వారాలు. చలి పోతుంది, వడగాలి ఇంకా మొదలవ్వదు. చిక్కల్లా మిరప కోతలు కూడా అప్పుడే. కల్లాల మీద కాయ ఆరబోసి ఉంటే ఇంటి పెద్ద కదలడు, కదలకూడదు కూడా. కాబట్టి రైతు కుటుంబాలు కోతకూ కోతకూ మధ్య దొరికే విరామంలో పెట్టుకోవాలి. ఇంకొక కిటుకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఓడరేవు బోట్లు ఒడ్డెక్కితే చెరువు చేపకు గిరాకీ పెరుగుతుంది, రిజర్వాయరు మీద వలలూ పెరుగుతాయి. ఆ లోపే వెళ్లిరావడం సుఖం.

దారి తేలిక. మార్టూరు నుంచి హైవే మీద దక్షిణంగా మేదరమెట్ల. అక్కడ కుడివైపు చీలేది అద్దంకి మీదుగా నార్కెట్‌పల్లి పోయే రోడ్డు, దాన్ని వదిలెయ్యండి. తిన్నగా పోతే గుండ్లకమ్మ వంతెన, ఆపైన మద్దిపాడు. అక్కణ్ణుంచి మల్లవరం ఎవర్నడిగినా చెబుతారు. డ్యాము కట్ట మీద, గేట్ల దగ్గర గాలం వెయ్యాలని చూడకండి. అది వేటకు చోటు కాదు, ఒప్పుకోరు కూడా. నీళ్లు పరుచుకున్న వైపు, ఊళ్ల మీదుగా ఒడ్డుకు దిగే బండిబాటలుంటాయి. వాటిలో ఒకటి ఎంచుకోండి.

ఒడ్డుకు చేరగానే గాలం విప్పకండి. అరగంట ఊరికే చూడండి. నీటికాకులు ఎక్కడ మునుగుతున్నాయి? కొంగలు ఏ మూలన బారుతీరి ఉన్నాయి? సర్కారు తుమ్మ మొద్దులు నీళ్లలోంచి తలెత్తి ఉన్నచోట పరిగెలు చేరతాయి, పరిగెల కోసం పెద్దవి వస్తాయి. అడుగు నుంచి సన్న బుడగలు వరసగా పైకొస్తుంటే మోసు బురద కెలుకుతున్నట్టు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్లలో, మోసు అడుగున. బెండుకూ గాలానికీ మధ్య దారం ఎంత పొడుగు ఉంచాలో ఈ మూడు మాటల్లోనే ఉంది. తూటికాడ పొదల పక్కన, జమ్ము మధ్యన నీళ్లు ఒక్కసారి గుప్పుమంటే అది కొర్రమీను. గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే దానికి. మళ్లీ అక్కడే, కాస్త అటూ ఇటూగా లేస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. వెదురు కర్ర చాలు. దుకాణంలో ప్లాస్టిక్ బెండ్లు దొరుకుతాయిగానీ జీలుగు బెండు అంత తేలిగ్గా అవి కదలవు. ఒడ్డు దూరమైపోయిన ఎండాకాలంలో మాత్రం చక్రం ఉన్న రాడ్డు పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కరెంటు తీగల కింద ఆ పొడుగాటి రాడ్డు ఎత్తకండి, దాంట్లోంచి కరెంటు పారే ప్రమాదముంది. బొచ్చెకూ శీలావతికీ తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. జెల్లకూ మార్పుకూ వానపాము. వానపాముల్ని ఇంటి దగ్గరే, పేడదిబ్బ పక్కన తవ్వుకుని తడిమట్టితో పాటు తీసుకెళ్లాలి. నల్లరేగడి ఎండి బీటలు తీసిన చోట ఎంత తవ్వినా దొరకవు.

మిరప చేల పక్కన చిన్న కుంటలుంటాయి, రిజర్వాయరు దాకా ఎందుకు, ఇక్కడే వేద్దామనిపిస్తుంది. వద్దు. మందు కొట్టిన డబ్బాలు, స్ప్రేయరు ట్యాంకులు కడిగేది ఆ నీళ్లలోనే. సైపర్‌మెత్రిన్‌లాంటి పురుగుమందు పిసరంత పడినా చేప బతకదు. బతికి ఉన్నదాని ఒంట్లో ఏముందో చూసి చెప్పేవాడు మన పక్కన ఉండడు. ఇక సాగరు కుడికాలువ, దాని అద్దంకి బ్రాంచి. లైనింగు చేసిన చోట కాలు జారితే పట్టుకోడానికి గడ్డిపోచ కూడా ఉండదు. అక్కడ చేప పడుతుందా లేదా అన్న చర్చే అనవసరం.

రిజర్వాయరు మాత్రం అమాయకమైందనుకున్నారా? కట్టకముందు అది పొలం. పాత దిగుడు బావులూ, ఇసుక తవ్విన గోతులూ నీళ్ల కింద అలాగే ఉంటాయి. పైన ఎండి అట్టకట్టిన బురద కింద తొడలోతు ఊబి ఉండొచ్చు. స్థానికుడు నడిచిన అడుగుల్లోనే నడవండి, గాలం చిక్కుకుంటే దారం తెంపేసుకోండి, దాని కోసం నీళ్లలోకి దిగకండి. పిల్లలుంటే లైఫ్ జాకెట్ సిగ్గుపడాల్సిన వస్తువు కాదు.

అన్నిటికన్నా ముందు జరగాల్సిన పనిని నేను చివరికి ఉంచాను, మీరు మాత్రం చివరికి ఉంచొద్దు. ఈ నీళ్లు ఖాళీగా పడి లేవు. మత్స్యశాఖ చేపపిల్లల్ని వదులుతుంది, లైసెన్సు తీసుకున్న మత్స్యకార కుటుంబాలు దీని మీద బతుకుతాయి. గేట్లు పోయిన ఏడాది అందరికన్నా ముందు పొయ్యి ఆరింది వాళ్లకే. ఊరి చెరువులైతే మత్స్యకార సంఘానికో పాటదారుకో ఇచ్చి ఉంటారు. కాబట్టి ఒంగోలు మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, ఒడ్డు మీద సంఘం పెద్దతో మాట్లాడి, ఆ తర్వాతే గాలం. అక్కడే ఎవరైనా మందు కలుపుదామనో, తూటా వేద్దామనో, బ్యాటరీ కరెంటు పెడదామనో అంటే ఆ మనిషితో వేటకు వెళ్లకండి. విషంతోనూ పేలుడుతోనూ చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం.

కొర్రమీను గురించి ఇంకొకటి. ఎప్పుడైనా నీళ్ల మీద ఎర్రెర్రగా, నారింజ రంగులో పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపిస్తే, తల్లీ తండ్రీ ఆ కిందే కాపలా ఉన్నాయన్నమాట. అప్పుడు కప్పపిల్లను గుచ్చి వేస్తే కోపంతో కొట్టి చిక్కుతుంది, అది తెలిసిన విద్యే. కానీ పెద్దది పోతే ఆ వందల పిల్లలు సాయంత్రానికి జెల్లల పాలూ కొంగల పాలూ. అక్కడ గాలం వెయ్యకుండా పక్కకు పోవడమే నా సలహా. టెక్సాస్‌లోలాగా ఇక్కడ ఒడ్డు మీద అంగుళాల కొలబద్ద పట్టుకుని ఎవరూ నిలబడరు కదా, ఏది వదలాలో మనమే తేల్చుకోవాలి.

తెల్లారేసరికి ఒడ్డున ఉండేలా చూసుకోండి. రాత్రి వేసిన వలలు తీసుకుని థర్మోకోల్ తెప్పలు తిరిగొచ్చేది ఆ వేళకే. ఏ వైపు ఏం పడిందో వాళ్ల బుట్టల్లో కనిపిస్తుంది, ఓ కిలో బొచ్చె కొంటే మిగతా సంగతులు కూడా చెబుతారు. పది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది, చేప లోతుకు పోతుంది, మీరు చెట్టు నీడకు పోవచ్చు. పొయ్యి వెలిగించేట్టయితే చింతపండు, ఉప్పు, నూనె ఇంటి నుంచి తెచ్చుకోండి. కారం సంగతి మార్టూరు వాళ్లకు నేను చెప్పాలా.