తెగని చర్చ - మూయని చిట్టా



నేను గ్రామమున లెక్కలు వ్రాయువాడను, పండితుడను గాను. తీరికవేళల భారతము చదువుకొంటిని. సభాపర్వమున నన్ను కలచివేయు ఘట్టమొకటి కలదు. తన్ను తానోడినవానికి నన్నొడ్డు హక్కు కలదా యని ద్రౌపది యడిగెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణుడు నోరు విప్పగా కర్ణుడు గద్దించెను. ప్రశ్న తెగలేదు, ఇంతలో చీరపై చేయి పడెను.

అధికారమెవ్వరిదను ఇట్టి చర్చ ఓపెన్ సోర్స్ సంఘములలో నేడును వినవచ్చుచున్నది. కంప్యూటరును నడపు ప్రోగ్రాముల మూలమును దాచక, ఎల్లరును చదువుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు వీలుగా నుంచుటయే ఓపెన్ సోర్స్. అందు పాటుపడువారిలో పలువురు మనవలె స్వచ్ఛంద సేవకులే.

1993లో పుట్టిన డెబియన్ అట్టి సంఘము. కంప్యూటరును తెఱచినంతనే తక్కిన ప్రోగ్రాములను లేపు పని దేనికప్పగింపవలెనని 2014లో అచట వివాదము చెలరేగెను. సాంకేతిక సమితిలో ఓట్లు సమానము కాగా, ఫిబ్రవరిలో అధ్యక్షుని నిర్ణాయకపు ఓటు తీర్పు చెప్పెను. అయినను రగడ చల్లాఱలేదు. నవంబరులో సభ్యులు మరల ఓటు వేయగా నెగ్గిన పక్షమేది? దీనికి సర్వసభ్య తీర్మానమే అక్కఱలేదనునది! ఆ వేడికి తాళలేక అనుభవజ్ఞులు కొందఱు బాధ్యతలు విడిచిరి.

పైథాన్ భాష కథ వేఱు. ఒక చిన్న గుర్తును చేర్చుటపై జరిగిన పోరుతో విసిగి, దాని కర్త గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో, వారసుని నియమింపకయే, నిర్ణేత స్థానము వీడెను. సంఘమువారు ఏడు పాలనా ప్రణాళికలను వ్రాసియుంచి, డిసెంబరులో ఓటు వేసిరి. 2019లో ఐదుగురి సమితి యేర్పడెను. పని సాగెను.

డెబియనునకు నియమావళి లేకపోలేదు. 1998 నుండియు కలదు. కొఱవడినది తీర్పు వచ్చిన పిమ్మట దానికి తలయొగ్గు మనస్సు. సాయంకాలమునకు చిట్టా మూయవలెను. తప్పున్నచో మఱునాడు సవరణ పద్దు వ్రాయుదుము గాని పాత పుటను చింపము.

ఇది పరుల కథ గాదు. తాళపుచెవి యెవరివద్ద నుండవలెనని మనము మూడు సాయంకాలములు వాదించితిమి. ఆ మూడునాళ్లును తలుపు తెఱువలేదు. పత్రికకై వచ్చిన పిల్లలు వెనుదిరిగిరి. ఆ వాదమున నా గొంతును పెద్దదే. అందులకు నేడు సిగ్గుపడుచున్నాను.

ఇకమీదట చర్చింతము, గడువు పెట్టుకొందము, కాని తలుపు మాత్రము వేళకు తెఱతము. సెలవు.